నల్ల అంచు కవరు

మా ఆయన కూడబెట్టేవి స్టాంపులు కావు, కవర్లు. కవరును నీళ్లలో నానబెట్టి స్టాంపు ఊడదీసుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల మాటెత్తితే ఈయనకు ఒళ్లు మండుతుంది. కవరు కవరుగానే ఉండాలి. దానిమీద స్టాంపు, స్టాంపు మీద పోస్టాఫీసు ముద్ర తేటగా పడి ఉండాలి. ముద్రలో ఉన్నది గనుల ఊరై ఉండాలి. అది కూడా ఎప్పుడో బంగారం కోసం జనం ఎగబడి వచ్చి, గుడారాలు వేసుకుని, తవ్వుకున్నంత తవ్వుకుని వదిలేసి పోయిన ఊరైతే ఇంకా మంచిది. ఊరూ లేదు, పోస్టాఫీసూ లేదు, ఆ నల్లటి గుండ్రటి ముద్ర ఒక్కటే మిగిలింది. దాన్ని భూతద్దంలో చూసి మురిసిపోతాడు.

దానికి కారణం ఉంది. ఈయన పుట్టి పెరిగింది తెలంగాణలో బొగ్గు గనుల ఊళ్లో. మా మామ గనిలో దిగేవాడు. ఈయన అదే ఊరి పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాల మీద ముద్రలు కొట్టాడు. రిటైరయ్యాక, ఇక్కడ న్యూజిలాండ్‌లో చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో సెటిలైన మా బిడ్డ దగ్గరికి వచ్చేశాం. పాపటోయిటోయి అనే పేటలో ఉంటాం.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక కివీ పెద్దాయన ఉండేవాడు. ఎనభై దాటిన మనిషి. ఆయనకూ ఇదే పిచ్చి. ఈయన ఇంగ్లీషు ఆయనకు సగమే అర్థమయ్యేది, ఆయన ఇంగ్లీషు ఈయనకు సగమే అర్థమయ్యేది. అయినా శనివారం వస్తే ఇద్దరూ ఆల్బం ముందు తలలు ఆనించి కూర్చునేవాళ్లు. నేను సకినాలు పంపిస్తే ఆ పెద్దాయన వెన్న రాసుకుని తినేవాడు.

ఆయన తాతల్లో ఒకాయన ఈ దేశానికి దక్షిణాన ఒటాగో కొండల్లో, బంగారు గనుల దగ్గర కిరాణా కొట్టు నడిపాడట. ఆ కొట్టే ఆ ఊరికి పోస్టాఫీసు. ఒక్క చలికాలం నడిచిందో లేదో, బంగారం అయిపోయి ఊరే లేచిపోయింది. అందుకే ఆ ముద్ర పడిన కవరు దొరకడం గగనం. పెద్దాయన దగ్గర ఒకటి ఉంది. ఈయన ఆరేళ్లు దాన్ని చూసి చూసి వచ్చాడు. ఇవ్వమని ఒక్కసారీ నోరు తెరిచి అడగలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ దాని గురించే చెప్పేవాడు. ఆ కవరుకు నల్ల అంచు ఉందన్న సంగతి మాత్రం ఆరేళ్లలో నాకు చెప్పలేదు.

పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ ఆ కవరు తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. ఈయన వీధిలోంచే కేకేసుకుంటూ వచ్చాడు.

"ఏమే, బయటికి రా! నా చేతిల ఏమున్నదో చూడు!"

తలుపు దగ్గరికి వెళ్లాను. పాలిపోయిన కవరు, చుట్టూ కాటుకతో గీసినట్టు నల్లటి పట్టీ.

"ఆ నలుపేంది?"

"అంచు."

"అంచు నల్లగ ఎందుకున్నది?"

ఈయన గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజుల్ల అట్ల వేసేటోళ్లు."

"ఎప్పుడు వేసేటోళ్లు?"

"ఎవరన్న పోతే."

"ఆడనే నిలబడు. గడప దాటకు."

మా వైపు చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని ఇంట్లోకి రానివ్వరు. వాకిట్లోనే చదివి, అక్కడే చింపి, కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి వస్తారు. పైగా లోపల సోఫాలో నా బిడ్డ ఏడో నెల కడుపుతో పడుకుని ఉంది. ముందటేడు దానికి ఐదో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి దాన్ని ఖాళీ చేతులతో తీసుకొచ్చింది నేనే.

"అమ్మా, అది నూటయాభై ఏండ్ల కిందిది. దాన్ని గూడ ఆపుతవా?" అంది బిడ్డ లోపల్నుంచి.

"నూటయాభై ఏండ్లయితే సావు సావు కాకపోతదా?"

"బాపూ, షూ ఇప్పకు. అమ్మ నిన్ను గూడ గరాజ్‌లనే ఉంచేటట్టున్నది."

కవరు గరాజ్‌కు పోయింది. చలికాలం, వాన, గోడలు చెమ్మ కారుతున్నాయి. కవరుకు బూజు పడుతుందని ఈయన నా డబ్బాలోంచి నాలుగు గుప్పిళ్ల బియ్యం తీసి గుడ్డలో మూటకట్టి, ప్లాస్టిక్ డబ్బాలో దాని పక్కన పెట్టాడు. పొద్దున టిఫిన్ కాగానే జాకెట్ వేసుకుని గరాజ్‌లోకి వెళ్లి, కారు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నన్ను ఒక మాట అని ఉంటే నేనూ నాలుగు అని ఉండేదాన్ని. మూడు వారాలు అలాగే గడిచాయి.

ఒకరోజు పొద్దున టీ పట్టుకుని వెళ్లాను. ఆ చలికి ఈయన వేళ్లు నీలంగా ఉన్నాయి.

"లోపల ఏం రాసున్నది?"

"నాకేం తెలుసు? ఇంతవరకు ఎవరు తెరవలే."

కవరు తిప్పి చూపించాడు. వెనక నల్ల లక్క ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. సముద్రాల అవతల ఇంటివాళ్లు గనిలో పనిచేసే పిల్లవాడికి రాశారట. అది ఓడెక్కి, తర్వాత గుర్రమెక్కి కొండ మీదికి వచ్చేసరికి పిల్లవాడు ఇంకో ఊరికి వెళ్లిపోయాడు. అక్కడికి పంపితే అక్కడా లేడు. తిరిగొచ్చి కొట్టు సొరుగులో పడి ఉంది.

"అంటే ఆ పిల్లగానికి తెల్వనే తెల్వదా?"

"తెల్వది."

ఈయన టీ కప్పు కింద పెట్టి, పనిముట్ల పెట్టెలోంచి చిన్న చాకు తీశాడు.

"నీ మనసు కుదుటపడకుంటే నాకిదెందుకే? తెరుద్దం. బిడ్డతోని చదివిపిద్దం. ఇన్నంక, మన పద్ధతి ప్రకారం వాకిట్లనే చింపేద్దం."

చాకు మొన లక్క కిందికి పోనిచ్చాడు. ముప్పై ఏళ్లు ముద్రలు కొట్టిన చెయ్యి అది.

ఆ నిమిషంలో మా మేనమామ గుర్తుకొచ్చాడు. ఎక్కడో దూరాన ఇటుక బట్టీలో పనికి వెళ్లినప్పుడు మా అమ్మమ్మ పోయింది. కబురు తొమ్మిది రోజులకు గానీ అందలేదు. ఆ తొమ్మిది రోజుల్లోనే ఆయన అక్కడ ఒక పెళ్లి ఊరేగింపులో డప్పుకు ఎగిరాడట. ఇంటికొచ్చి గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. మా అమ్మ ఆయన తల పట్టుకుని ఒకే మాట అంది: "కబురు ఇన్న రోజు నుంచే మైల తమ్మీ. అంతదాక నీకు అమ్మ ఉన్నట్టే."

ఈయన మణికట్టు పట్టుకున్నాను.

"ఆగు. ఆ పిల్లగానికి ఇంక వాళ్లంత బతికే ఉన్నరు. నువ్వెందుకు సంపుతవ్?"

ఈయన నా ముఖం వైపు చూశాడు. చాకు స్టూలు మీద పెట్టేశాడు. జాకెట్ చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"మరి దీన్నేం జెయ్యాలె?"

"ఇటియ్యి."

నేనే పట్టుకుని గడప దాటాను. పిట్ట ఈకంత బరువు కూడా లేదు. ధైర్యం వచ్చేసిందని అనను. ఆల్బంలో పెట్టేశాక కూడా, బిడ్డ "అమ్మా" అని పిలిచినప్పుడల్లా చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని. కాన్పయ్యే దాకా ఆ బెరుకు పోలేదు. ఈయనకు మాత్రం చెప్పలేదు. చెబితే మళ్లీ కవరు తీసుకుని గరాజ్‌లో కూర్చుంటాడు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఆసుపత్రి అదిరేలా ఏడ్చింది. ఇప్పుడు దానికి నాలుగేళ్లు. తెలుగులో చెబితే విని ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. తాత ఒళ్లో కూర్చుని ఆల్బం పేజీలు తిప్పుతుంది. మొన్న ఆ పేజీ వచ్చింది. లక్క మీద వేలు పెట్టి, "ఓపెన్ ఇట్, తాతా!" అంది.

ఈయన నా వైపు చూశాడు.

"వద్దు బిడ్డా. బంగారం తవ్వనీకి పోయిన మామది అది. వచ్చి ఆయనే తెరుసుకుంటడు," అన్నాను.

"వెన్ ఈజ్ హీ కమింగ్?"

దానికి ఈయన చెప్పాడు.

"బంగారం దొరికినంక."

సరేనన్నట్టు తలూపి, పేజీ తిప్పింది.