కళ్ళజోడు తీసే ఆఫీసరుగారు

యూనివర్సిటీలో నియామకాలు చూసే ఆ ఆఫీసరుగారు, ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ముందు కళ్ళజోడు తీసేసేవారు. ఎదుటి ముఖం మసకబారితేగాని ఆయనకు నోరు పెగిలేది కాదు.

ఉద్యోగ పరీక్షల కోసం లైబ్రరీలో సర్వీసు రూల్సు చదివి, సందేహాలు అడగడానికి నేను ఆయన దగ్గరికి వెళ్తుండేవాణ్ణి. ఒకరోజు రెడ్డిగూడెం నుంచి ఒకామె వచ్చింది. ఆమె కూతురు అటెండరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చి ఉంది. తొలికోత రసాలు బుట్టతో తెచ్చి, అందరి ముందే బల్ల మీద పెట్టింది. తొలికాయలు పెద్దవాళ్ళకివ్వడం మా వైపు మర్యాద.

ఆయన కళ్ళజోడు తీశారు.

“అభ్యర్థి తరఫున ఏం తెచ్చినా జాబితాలోంచి పేరు తీసెయ్యాలమ్మా. రూలు.”

“అయ్యో, కాయలు పట్టుకుపోతానండీ! పేరు మాత్రం ఉంచండి బాబూ.” నావైపు తిరిగింది. “చదువుకున్నోడివి, నువ్వన్నా చెప్పయ్యా.”

ఆ రూలు నాకు కంఠతా వచ్చు. అందులో ఎక్కడా సందు లేదు.

ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆయన చాలాసేపు కళ్ళజోడు పెట్టుకోలేదు. రసాల వాసన మాత్రం గదిలోంచి పోలేదు.