బాపు కుట్టకుండా వదిలేసిన దారం

మొన్న ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు, అట్ట ఊడిపోయి కాగితాలు రాలుతున్న మా ఇంటి బైబిలును పాత చీరముక్కలో మూటగట్టుకుని ఛత్తాబజారుకు వెళ్ళాను. ఒకప్పుడు ఆ వీధి పొడుగునా జిగురు వాసన వేసేది, కాగితం కోసే కత్తుల చప్పుడు వినిపించేది. ఇప్పుడు అడుగడుగునా పెళ్ళికార్డుల దుకాణాలు, లోపల కంప్యూటర్లు. నలుగురిని అడిగాక ఐదో మనిషి, సందు చివర ఇంకా చేత్తో పుస్తకాలు కుట్టే ఒక ముసలాయనను చూపించాడు. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, కింది అంచున కుచ్చులా వేలాడుతున్న ఎర్రదారాలను వేళ్ళతో ఎత్తి చూసి, "గివన్నీ కత్తిరించాలె అమ్మా, లేకుంటే కుట్టు కూసోదు" అన్నాడు. ప్రాణం పోయినా వద్దన్నాను. అప్పుడాయన కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కొక్క ముడినే చూసుకుంటూ వెళ్ళి, పుస్తకం నడుమ ఉన్న ఒక తెల్లకాగితం దగ్గర ఆగాడు. "ఇవన్నీ మా లెక్క పని తెలిసినోని ముళ్ళే. గీ ఒక్క కుట్టు మాత్రం బైండర్‌ది కాదు. ఇంట్ల ఆడోళ్ళ కుట్టు."

ఆ కుట్టు ఎవరిదో ఆయనకు చెప్పకుండానే పుస్తకం అప్పగించి వచ్చేశాను గానీ, నా ఈడువాళ్ళు మీరున్నారు కనుక మీతో చెప్పుకుంటాను.

మా నాన్నను బాపు అనేవాళ్ళం; ఆయన సర్కారు ప్రెస్సులో బైండరు. మాదన్నపేట కూరగాయల మార్కెట్టు వెనక సందులో మాది రెండు గదుల ఇల్లు. సెలవు రోజు వచ్చిందంటే చర్చివాళ్ళు తమ బైబిళ్ళు పట్టుకుని మా గడప ఎక్కేవాళ్ళు; అప్పట్లో ఇంటికొకటే పుస్తకం, అది చిరిగితే కుట్టించుకోవడమే గానీ కొత్తది కొనడం ఎవరికీ తోచేది కాదు. వాళ్ళలో కొందరికి ఒక వింత కోరిక ఉండేది. యేసు పుట్టకముందు సంగతులున్న పాత నిబంధన బరువెక్కువ, అందులో పేర్లు నోరు తిరగవు, దాన్ని కోసేసి వెనక భాగం ఒక్కటీ కుట్టివ్వమనేవాళ్ళు. మా మేనత్త కూడా అలాగే అడిగింది. బాపు ఆమె మాట చెవిన పెట్టకుండా పుస్తకం మొత్తం కుట్టి, రెండింతల బరువుండే అట్ట వేసి ఇచ్చాడు. ఆమె చనిపోయేవరకు ఆ పుస్తకాన్ని మోస్తూ మా బాపును తిట్టుకుంటూనే చర్చికి వచ్చింది.

పాత నిబంధన నీడ అనీ, కొత్త నిబంధన ఆ నీడ తాలూకు మనిషి అనీ బాపు చెప్పేవాడు. అది ముందుగా యూదుల గ్రంథం, వాళ్ళు తమ తీరున చదువుకుంటారు, మనం మాత్రం వచ్చిన మనిషిని చూశాక నీడను గుర్తుపట్టినవాళ్ళం అనేవాడు. నీడ సంగతి నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. సాయంత్రం డ్యూటీ దిగి బాపు వస్తుంటే వెనకనుంచి ఎండ కొట్టేది, మా గడప మీదికి ముందు ఆయన నీడ వచ్చేది, ఆ తరవాతే ఆయన వచ్చేవాడు. నా చిన్నప్పుడు ఆ నీడను చదవడం పలక మీద అక్షరాలకన్నా ముందు నేర్చుకున్నాను. నిటారుగా వస్తే ఎదురెళ్ళేదాన్ని, ఊగుతూ వస్తే తలుపు వెనక్కి జారుకునేదాన్ని.

ఎందుకంటే అప్పుడు బాపు తాగేవాడు. పేరుకు క్రైస్తవులమే గానీ ఆయన అడుగు చర్చి వైపు కన్నా కల్లు కాంపౌండు వైపే ఎక్కువ పడేది. నాకు ఏడేళ్ళప్పుడు పదకొండు నెలల తమ్ముడికి జ్వరం వచ్చింది. రెండో రోజు పిల్లవాడు కళ్ళు తేలేస్తుంటే అమ్మ ప్రెస్సుకు కబురు పంపింది. కబురు అందింది కూడా. ఒక్క ముంత తాగి పోదాంలే అనుకున్నాడట. గౌలిపుర నుంచి మా ఇంటికి పాలు పోసే అవ్వ ఆ సాయంత్రం చెంబు పక్కన పెట్టి తమ్ముడిని ఒళ్ళోకి తీసుకుంది, వాడు ఆ ఒళ్ళోనే పోయాడు. కాసేపటికి గడప మీదికి నీడ వచ్చింది. ఊగుతూనే వచ్చి, లోపలి ఏడుపు విని ఆగిపోయింది.

ఆ రోజు తరవాత బాపు కల్లు ముట్టలేదు. కొన్ని నెలలకు మేనత్త వెంట చర్చికి వెళ్ళి, అందరి ముందూ మోకాళ్ళ మీద పడి ఏడ్చి, ఇంటికొచ్చి బైబిలును మొదటి పేజీ నుంచి కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. అరిచే మనిషి నోట అరుపు పోయింది. మనిషి మళ్ళీ పుట్టాడని సందంతా చెప్పుకున్నారు. దారాలు మొదలైంది అప్పుడే. రాతిగుండె తీసేసి మాంసపు గుండె పెడతానని దేవుడు పాత ప్రవక్తతో అన్న పేజీ అంచున సూదితో గుచ్చి ఎర్రదారం ముడేశాడు. ఆ దారాన్ని పుస్తకం కింది అంచు వెంట వదులుగా తెచ్చి, మనిషి మళ్ళీ పుట్టాలని యేసు ఒక పెద్దమనిషికి చెప్పిన పేజీకి రెండో కొస కుట్టాడు. అది తన దారమేనని ఆయన పైకి అనకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు.

అమ్మ ఆ ఒక్క దారాన్నే ఒప్పుకుంది. "నువ్వు మళ్ళ పుట్టినవ్ అంటే నమ్ముత, నా కండ్లతోని చూసిన. సచ్చినోళ్ళు లేస్తరంటే ఎట్ల నమ్మాలె?" అంది. ఇంకోసారి, బొంత కుడుతూ తల ఎత్తకుండానే, "నువ్వు పుట్టనీకి నా కొడుకు పోవాల్నా?" అని అడిగింది. బాపు లేచి బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు. అమ్మ చర్చికి వచ్చేది, పాటలు పాడేది, కానీ ఈస్టరు నాడు తెల్లవారకముందే అందరం కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్ళేటప్పుడు మాత్రం ఇంట్లోనే ఉండిపోయేది. మిగతా పిల్లలు తల్లుల కొంగులు పట్టుకుని నడుస్తుంటే, నేను తమ్ముడి సమాధికి పూసే సున్నం బకెట్టు పట్టుకుని బాపు వెంట నడిచేదాన్ని. అమ్మ ఒక్కసారి వస్తే బాగుండునని ఏడాదంతా అనుకునేదాన్ని.

ఆమెను ఒప్పించడానికే బాపు ఒక్కొక్క దారం కుడుతూ పోయాడు. తనను బలి ఇచ్చే కట్టెలు తనే భుజాన మోసుకుని కొండెక్కిన ఇస్సాకు, చావు దాకా పోయి మూడో నాడు తండ్రికి బతికి దక్కాడు. అక్కడినుంచి యేసు సిలువ మోసిన పేజీకి ఒక దారం. మూడు రోజులు చేప కడుపులో ఉన్న యోనా నుంచి యేసు ఖాళీ సమాధికి ఒకటి. ఎండిన ఎముకల లోయలో కీలుకు కీలు అతుక్కుని జనం లేచి నిలబడిన చోటు నుంచి లాజరు లేచిన చోటికి ఒకటి. బాపు అది చదువుతుంటే నాకు ఎముకల చప్పుడు నిజంగానే వినిపించేది, దుప్పటి కప్పుకునేదాన్ని. ప్రవక్త బతికించిన షూనేము ఊరి తల్లి కొడుకు నుంచి, యేసు లేపిన విధవరాలి కొడుకుకు ఇంకొకటి. ఇది అమ్మకు తప్పక తగులుతుందని ఆయన ఆశ. అమ్మ అంతా విని, "ఆమె కొడుకు లేచిండు, ఈమె కొడుకు లేచిండు, మంచిదే. మరి నా కొడుకు?" అంది. బాపు పుస్తకం మూసేశాడు.

మూడేళ్ళు అలాగే గడిచాయి. ఒక శ్రమకాలంలో, ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే రోజుల్లో, పండుగ ఇంకా రెండు వారాలుందనగా, బాపు దావీదు రాజు కథ దగ్గరికి వచ్చాడు. తన తప్పు వల్లే జబ్బుపడిన పసికొడుకు కోసం ఆ రాజు ఏడు రోజులు తిండి మాని నేల మీద పడి ఉన్నాడు. అయినా పిల్లవాడు పోయాడు. అప్పుడు రాజు లేచి, స్నానం చేసి, అన్నం తిని, వాణ్ణి నేను వెనక్కి తేలేను, నేనే వాడి దగ్గరికి వెళ్ళాలి అన్నాడట. తన తప్పు అన్న చోట బాపు గొంతు రెండుసార్లు ఆగింది. అలవాటు చొప్పున ఆ పేజీకి దారం ముడేసి, కొత్త నిబంధనలో కాగితాలు తిప్పీ తిప్పీ, చివరికి సూది తీసి పక్కన పెట్టాడు. "దీని రెండో కొస నాకు దొరుకుతలేదు" అన్నాడు.

అమ్మ చేతిలో సూది ఆగింది. "మళ్లొక్కసారి సదువు" అంది. బాపు మళ్ళీ చదివాడు.

ఆ ఏడు ఈస్టరుకు అమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు, మేం బయలుదేరేసరికి చీర మార్చుకుని గడప దగ్గర నిలబడి ఉంది. తమ్ముడి సమాధి అంటే నాలుగు వరసల ఇటుకలే. దాని చుట్టూ మొలిచిన గడ్డిని ఆమె తెల్లారేదాకా ఒక్కొక్క పరకే పీకుతూ కూర్చుంది. మా చర్చి పాస్టరు అయ్యగారు, "క్రీస్తు లేచియున్నాడు" అనగానే అందరూ బదులు పలికారు, అమ్మ పలకలేదు. అయినా ఆ పొద్దున నేను ఆమె కొంగు పట్టుకుని ఇంటికి నడిచాను. నా జీవితంలో మళ్ళీ నడవాలనిపించే దారి ఏదైనా ఉంటే అది అదే.

ఆ దారం మాత్రం అలాగే వేలాడుతూ ఉండిపోయింది. అయ్యగారు రెండో కొస కుట్టడానికి ఎన్నో చోట్లు చూపించాడు. నేనూ పెద్దయ్యాక ఒకటి రెండు చూపించాను. బాపు వినలేదు. "గది మీ అమ్మ దారం బిడ్డా, నేను ముట్టొద్దు" అనేవాడు.

పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ నడుమ బాపు తన చేత్తో ఒక తెల్లకాగితం కలిపి కుట్టి, మా ఇంటి పుట్టుకలూ చావులూ అందులో రాసేవాడు. ఆయన పోయినప్పుడు ఆయన పేరు ఎదుట తేదీ నేను రాశాను. ఆ వారంలోనే ఒక సాయంత్రం అమ్మ, "తమ్ముని పేరు యాడున్నది, చూపియ్యి. మీ బాపుది గూడ" అంది. అమ్మకు చదువు రాదు. చూపించాను. రెండు పేర్ల మీదా బొటనవేలు ఆనించి కూర్చుంది. నాకు టెలిఫోన్ ఆఫీసుకు డ్యూటీ టైమైంది, నేను వెళ్ళిపోయాను.

మళ్ళీ ఆ కాగితం తెరిచింది పదమూడేళ్ళకు, అమ్మ పోయిన తేదీ రాయడానికి. దావీదు పేజీ నుంచి వేలాడే దారం వేలాడడం లేదు. అది తెల్లకాగితం మీదికి వచ్చి, తమ్ముడి పేరు పక్కన మొదలై, చిన్నచిన్న బొంతకుట్లతో వరసగా కిందికి దిగి, బాపు పేరు పక్కన ముడిపడి ఉంది.

ఇప్పుడు మా చర్చిలో పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లే. పాత వాక్యానికీ కొత్త వాక్యానికీ ఉన్న బంధం వేలితో తాకితే చాలు, కళ్ళ ముందు ఉంటుంది, నేనూ అలా చూసుకుంటాను, తప్పేమీ లేదు. సమాధుల తోటలో కూడా చోటు లేక ఒకరి మీద ఒకరిని పెడుతున్నారు, తమ్ముడి ఇటుకలు ఎక్కడున్నాయో గుర్తుపట్టడం కష్టమవుతోంది. ఈసారి గుడిమల్కాపూర్ నుంచి లిల్లీపూలు తెచ్చి, ఆ చోటనే అనుకుని పెట్టాను. దారాలు ఒక్కటీ తెగకుండా కుట్టిన పుస్తకాన్ని బైండరు పండుగ ముందు రోజే ఇచ్చాడు. కొత్త అట్ట గట్టిగా ఉంది, బాపు ఉంటే మెచ్చుకునేవాడు.

నాకు మాత్రం ఆ తెల్లకాగితం తెరిచినప్పుడల్లా ఒకటే దిగులు. ఆ సాయంత్రం నేను డ్యూటీకి పోకుండా అమ్మ పక్కన కూర్చుని ఉంటే ఎంత బాగుండేది. బాపును ఆమె క్షమించింది ఆ రోజేనా, లేక గడ్డి పీకిన ఈస్టరు నాడేనా? చనిపోయినవాళ్ళు లేస్తారని చివరికి నమ్మిందా, లేక దారం వేలాడుతుంటే చూడలేక కుట్టేసిందా? చెప్పడానికి అమ్మ లేదు. కలిసినప్పుడు అడుగుతాను.