గురువు దించిన తీగ

వాద్యాలకు శ్రుతి చేసే చెవుల మామయ్య చేతులు పియానోలాంటి పాతకాలపు హార్ప్సికార్డు తీగల్ని బిగిస్తున్నాయి. మేకు తిప్పడం, మీట నొక్కడం, తల వంచి వినడం, నలభై ఏళ్లుగా ఇదే వరస. ఈ పని నేర్పి చనిపోయిన గురువు నడిమి తీగ ఒకదాని శ్రుతిని వెంట్రుకవాసి దించి వదిలేవాడు. మామయ్యకు అది గిట్టదు. సాయంత్రం బరోక్ అనే పాత యూరప్ సంగీత కచేరీకని దాన్ని బిగించి, హాలుకు తాళం వేసి, టీ తాగి వచ్చేసరికి తీగ దిగి ఉంది. మళ్లీ బిగించి, కాపలా కూర్చున్నాడు. ఎవరూ ముట్టుకోకుండానే మేకు మెల్లగా వెనక్కి తిరిగి, గురువు ఆపే చోటే ఆగింది.

"అయిందా మామయ్యా? గంటలో జనం వస్తారు," అంటూ అతిథి విద్వాంసురాలు వచ్చి మీటలు నొక్కి చూసింది.

"ఒక్క తీగ మొండికేసిందమ్మా. నా పరువు తీసేలా ఉంది."

"ఇదా? దీన్ని దించారు కాబట్టే మిగతావి తియ్యగా పలుకుతున్నాయి. ఎవరు నేర్పారో గానీ, చెయ్యి తిరిగినవారే."

మామయ్య ఖాళీ కుర్చీల వైపు చూసి, "సరేనండీ గురువుగారూ" అని గొణిగి, వాద్యాన్ని ఆమెకు అప్పగించాడు.