ఖాసింబీ దగ్గు కోసం బేతంచెర్లకు

ఫోన్లో చెప్పేస్తే పోయే మాటకు బేతంచెర్ల దాకా ఎందుకని ఇంట్లో సణిగారు. సణగనీ అనుకుని ఉదయం ఏడింటికల్లా కర్నూలు బస్టాండుకు చేరాను. ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను.

గల్ఫులో ఊపిరితిత్తుల వైరస్ ఒకటి లేచింది. అక్కడి నుంచి మా జిల్లాకు వచ్చినవాళ్ళను కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండటం ఆరోగ్యశాఖలో నా పని. ఉమ్రా యాత్ర నుంచి ఖాసింబీ దగ్గుతూ దిగింది. ఆమె ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీసింది నేనే. ఆమె మక్కాలో ఉండగానే, పురిటికొచ్చిన కూతురు రజియాకు ఆడపిల్ల పుట్టింది. ఖాసింబీ వేరే గదిలో ఉండిపోయి, ఇంతవరకు ఆ పాపను తాకలేదు. నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. వైరస్ లేదు.

పక్కసీటు అవ్వ నా మాస్కు చూసి, "దగ్గా తల్లీ? కరక్కాయ బుగ్గన పెట్టుకో" అంది.

"నాకు కాదవ్వా, ఇంకొకరికి."

"ఇంకొకరి దగ్గుకు నువ్వు బస్సెక్కినావా!" అని పకపకా నవ్వింది.

బేతంచెర్లలో దిగి ఉగ్గాని, బజ్జీ తిన్నాను. దారి పొడవునా నాపరాళ్ళు పాలిష్ చేసే మిషన్లు, తెల్లటి దుమ్ము. ఖాసింబీ ఏళ్ళతరబడి ఆ దుమ్ములోనే పనిచేసింది. ఉమ్రా నుంచి వచ్చినవాళ్ళను వాడలోవాళ్ళంతా కౌగిలించుకుని, తమకోసం దువా చేయమని అడుగుతారు. ఈమె మాత్రం మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్ళూ ఖర్జూరాలూ గోడమీద పెట్టి పక్కకు తప్పుకుందట.

"వైరస్ లేదమ్మా, పాపను ఎత్తుకో" అన్నాను ఆమె గదిలోకి వెళ్తూనే. ఆమె కదల్లేదు.

"దగ్గు పోలేదు కదమ్మా?"

"అది రాతిదుమ్ము దగ్గు. అంటుకునేది కాదని డాక్టరే చెప్పినారు."

"కాగితాల సంగతి నాకేం తెలుసు? పసిబిడ్డ. నాకు శానా భయంగా ఉండాది."

నేను మాస్కు తీసి ఆమె మంచం మీదే కూర్చున్నాను. ఆమె సగం తాగి పెట్టిన టీ గ్లాసు అందుకుని మిగతాది తాగేశాను. చల్లారిన టీ, చక్కెర మరీ ఎక్కువ. ఖాసింబీ ఖాళీ గ్లాసుకేసి, నా మొహంకేసి చూసింది. తర్వాత మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఒడి పరుచుకుని కూర్చుంది.

"ఈడ పడుకోబెట్టు" అంది కూతురితో.

పాప ఒళ్ళోకి రాగానే "బిస్మిల్లా" అని, ఆ పైన ఏడుపే. నాకూ ఆగలేదు. మొహం దాచుకోవడానికైనా మాస్కు ఉంచుకోవాల్సింది.

ఒంటిగంట బస్సెక్కాను, ఒళ్ళో ఖర్జూరాల పొట్లం. ఊరు దాటకముందే రజియా ఫోన్.

"మేడం, ఒక ఇబ్బందొచ్చింది."

"ఏమైంది?" అంటూ సీట్లోంచి లేచాను.

"పాప పాలకు ఏడుస్తాంది. మా అమ్మ దించనంటాంది. మీరు చెప్తేనే వింటాది."

ఆ మాట మాత్రం ఫోన్లోనే చెప్పాను.