దొయిమతి బొంత పరీక్ష

ప్రతి శుక్రవారమూ అరకు సంతకు వచ్చే కిల్లో దొయిమతి, చంకలో పాత బొంతతో కుట్టుమిషన్ల దుకాణం ఎక్కుతుంది. నిరుడే బొంతలు కుట్టడం మొదలుపెట్టిన మనిషి. చేతిసూది గుచ్చుకుని వేళ్లన్నీ గాయాలే. కాఫీ గింజలమ్మిన డబ్బు ఒక్క మిషనుకే సరిపోతుంది. పనికిరానిది కొంటే ఈ చలికి పిల్లలకు బొంతలు లేనట్టే. అందుకే ప్రతి మిషను సూది కిందికీ తన బొంత అంచును తోసి చూస్తుంది.

దుకాణదారు సన్యాసిరావు మైదానం నుంచి వచ్చినవాడు. మిట్టమధ్యాహ్నమూ కోతిటోపీ తీయడు. ఈ శుక్రవారం ఇరవై రకాల పూలు కుట్టే తెల్లమిషనును ఆయన పల్చటి గుడ్డపైనే నడిపి చూపాడు. మిషన్లు అమ్మేవారికి లోకంలో మందపు గుడ్డే దొరకదు కాబోలు! “పువ్వులు కప్పుకుంటే సలి ఆగుద్దేటి, షావుకారూ? దీని మీద నడుపు” అంటూ ఆమె ఆరు పొరల బొంతను ముందుకు తోసింది. సూది విరిగింది, మార్చిన సూదీ విరిగింది. “ఇది మిషనమ్మా, రోకలి కాదు!” అని ఆయన గోలపెట్టాడు. దొయిమతి మూలనున్న పాత నల్లమిషను మీది టీగ్లాసును తీసి పక్కన పెట్టింది. “దానికి పూలు రావు, ఎవరూ కొనరు” అంటూనే ఆయన తొక్కాడు. ఆరు పొరలనూ అది టకటకా దాటింది. సగం ధరకే దాన్ని ఆమెకిస్తూ సన్యాసిరావు బొంతను నిమిరి, “పిల్లలకయ్యాక నాకూ ఒకటి కుట్టియ్యమ్మా, ఈ సలికి సచ్చిపోతన్నాను” అన్నాడు. దొయిమతి తెల్లమిషను వంక ఒకసారి చూసి అడిగింది: “పువ్వులుండాలేటి?”