అవతలి గట్టున పడ్డ వల

ఈ ముద్ద చేతుల పట్టుకోని చెప్తున్న. అబద్ధమైతే ఇది నా గొంతు దిగొద్దు. ఆ రోజు నేను కల్లు ముట్టలేదు. జ్వరం లేదు. చెవులంటరా... ఇప్పటికీ మంచిగనే ఉన్నయి.

ఫిల్మ్ నగర్ల ఇండ్లు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. మా బస్తీ ఆ గుట్ట పక్కనే. బండల మీదికెల్లి నడిస్తే దుర్గం చెరువు. ఒకప్పుడు పదిమందిమి పోతుంటిమి చేపలకు. ఒకడు స్టూడియోల వాచ్‌మన్ అయిండు. ఒకడు సెట్టింగులకు మేకులు కొట్టనీకి పోయిండు. ఆఖరుకు నేను, మా అక్క మొగడు సాయన్న బావ... ఇద్దరమే మిగిలినం.

మా పట్టుడుకు ఒక పద్ధతుంది. చెరువు సన్నగయ్యే కాడ ఇద్దరం రెండు గట్లకు నిలబడతం. ఒకడు వల ఇసురుతడు. ఆ చప్పుడుకు బెదిరి చేపలు అవతలికి ఉరుకుతయి. చప్పుడు ఇన్నంకనే రెండోవాడు ఇసరాలె. మల్ల మొదటివాని వంతు. మాటలుండయి. పిలుసుకునుడు ఉండదు. వల పడ్డ చప్పుడే మాట. ఇరవై ఏండ్లు బావతోని నేను ఎక్కువ మాట్లాడింది ఆ మాటనే.

మా ఇద్దరి నూలు వలలు అల్లింది బావనే. ఒక్క తీరు నూలు, ఒక్క తీరు ఇనుప గుండ్లు. బావ పోయినంక మా ఆచారం ప్రకారం ఆయన వలను చెరువుల ఇడిసిన. నా చేతులతోనే. బుడుంగున మునిగింది.

అప్పటి సంది ఒక్కన్నే. ఇసురుడు, గుంజుడు. వంతు లేదు.

నూలు వల తడిస్తే మస్తు బరువు. నా కుడి జబ్బ పోయింది. చూసి చూసి మా అల్లుడు యాదగిరి నైలాన్ వల తెచ్చిండు. "కాయితం లెక్క పోతది మామా, ఇసిరి చూడు" అన్నడు. నేనేం చేసిన? మా కాడ కొత్త వల అంటే తంగేడు చెక్క నీళ్లల్ల ఉడకబెట్టాలె, అప్పుడే కుళ్లదు. పుట్టినప్పటి సంది చూసింది అదే. గంజుల ఏసి పొయ్యి మీద పెట్టిన. అది ముడుసుకపోయింది. నీళ్లు ఇగిరి సగం గంజు అడుక్కు కరుసుకుంది.

యాదగిరి మూత తీసి చూసి నెత్తి పట్టుకున్నడు.

"ఏంది మామా! వలను పప్పు లెక్క వండినవా? ఉప్పు చూసినవా లేదా?"

నా బిడ్డ పడి పడి నవ్వింది. నేను గూడ నవ్విన.

"రేపు పొద్దుగాల ఇంకోటి తెస్త" అన్నడు వాడు. "ఆ పాతది షూటింగోళ్లు అడుగుతున్నరు. సెట్టుల గోడకు ఏలాడేస్తరట. రేపే మనిషొస్తడు. నువ్వు కనవడకున్నా నీ వల సినిమాల కనవడతది."

"జర ఆలోచిస్త బిడ్డా."

"ఇంకేం ఆలోచన? జబ్బ లేస్తలేదు, వల లేస్తలేదు!"

వాళ్లు పోయిన్రు. ఇంట్ల నేను, ఆ వల. వాడన్నది నిజమే. కానీ ఇస్తే... బావ చేతి పని ఇంకేం మిగలదు నాకాడ.

నిద్ర పట్టలే. ఇంకా తెల్లారలేదు, లేసి వల భుజానేసుకోని చెరువుకు పోయిన. ఒక్కసారి ఇసిరి, తర్వాత ఏదో ఒకటి అనుకుందామని.

గాలి లేదు. నీళ్లు కదులుతలేవు. తాడు ఎడమ మణికట్టుకు కట్టుకున్న. సగం వల మోచేతి మీద. ఒక కొస నోట్ల పండ్ల నడుమ పట్టుకున్న. ఇసిరిన.

ఝుప్పు...

అవతలి బండ నుంచి తిరిగొచ్చింది. ఝుప్పు. అది బండ పలుకుడు. నాకు తెలుసు. రెండోసారి ఇసిరిన. మల్ల పలికింది. జబ్బల మంట లేసింది. ఇంకొక్కటి చాలనుకోని మూడోసారి వల సదురుకున్న. కొస పండ్లల్ల పెట్టుకున్న. నడుం తిప్పిన...

ఝుప్పు.

అవతల.

నేను ఇంకా ఇసరనే లేదు. వల నా చేతులనే ఉంది. నా నోట్లనే ఉంది.

నిలబడ్డ. అరుద్దామంటే పండ్లల్ల వల. నూలు తడి నాలుక మీద తెలుస్తుంది... ఉమ్మలేను, మింగలేను. అవతల గుండ్లు బండకు తాకుతున్నయి. టిక్... టిక్... టిక్... ఎవరో మెల్లగ గుంజుకుంటున్నరు. తొందర లేదు. తర్వాత నీళ్లు దులిపిన చప్పుడు. ఎవరైనా దులుపుతరు, బావ ఒక్కడే కాదు.

తర్వాత ఏం లేదు.

ఆ ఏం లేకపోవుడు ఉంది సూడు... అది నాకు ఎరికే. వంతు నీది అన్నట్టు.

ఇసిరిన. ఎట్ల ఇసిరిన్నో తెలువదు. ఝుప్పు మంది. ఈసారి బండ పలకలే.

గుంజుతుంటే వల తేలికగొచ్చింది. జబ్బ నొయ్యలే. చేప లేదు, పాచి లేదు.

తెల్లారినంక యాదగిరి నన్ను దేవులాడుకుంట వచ్చిండు. చెప్పిన. ఇద్దరం చుట్టు తిరిగి అవతలికి పోయినం. ఒకప్పుడు బావ నిలబడే గట్టును రోడ్డు పనోళ్లు పగలగొట్టుకపోయిన్రు. నీళ్లదాంక నిలువు బండ. మేక గూడ నిలవదు.

"బండ పలికింది మామా, అంతే."

"నాకంటే ముందు పలుకుతదారా బండ?"

వాడు నవ్వలే. "కొంగ గావచ్చు" అన్నడు. తర్వాత మెల్లగ, "షూటింగాయన ఇంటికాడ కూసున్నడు. ఏం చెప్పాలె?"

"లేదని చెప్పు."

ఇయ్యలే. కానీ జబ్బ నా మాట ఇనాలె గదా... అందుకే ఇప్పుడు యాదగిరి మల్ల తెచ్చిన నైలాన్ వలతోనే పోతున్న. చేపలు ఎక్కువనే పడుతున్నయి, ఉన్నమాట. దానికి సన్న సన్న సీసం గుండ్లు. నీళ్ల మీద ఆకు రాలినట్టు పడతది. బండ గూడ పలకది. ఆ తర్వాత అవతల నుంచి నాకు ఏ చప్పుడూ ఇనవడలే.

అది బావనో, కొంగనో, నా తలకాయో... నాకు తెలువదు. కానీ ఇసిరిన ప్రతిసారి ఒక్కటే రంధి. అవతల నిజంగ ఎవరన్న నిలబడి ఉంటే... వంతు వచ్చిందని ఆ మనిషికి ఎట్ల తెలుస్తది?