మోడులో బావ గొంతు

మొన్న మార్చిలో, మోదుగలు విరగబూసి గుట్టంతా నిప్పంటుకున్నట్టున్న ఒక పొద్దున, పార్కునూ అక్కడి పిట్టలనూ చూసుకునే మా స్వచ్ఛంద బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి తన ఫోను చెట్టువైపు ఎత్తి పట్టుకుంటే, అది విన్న ప్రతి కూతకూ పిట్ట పేరు రాసి చూపించింది. ఆ పేర్ల కోసం నేను గ్రంథాలయంలో బొమ్మల పుస్తకాలు ముందేసుకుని ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో చెబుదామనుకున్నాను గానీ, అంతలో ఏదో కూత దగ్గర ఫోను తడబడి, పేరేమీ రాయకుండా ఊరుకుంది. అదేమిటో నేనూ పోల్చుకోలేదు. చేతుల మీద వెంట్రుకలు మాత్రం లేచి నిలబడ్డాయి, మా బావ గుర్తొచ్చి.

అక్కా బావా కృష్ణానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. పదో తరగతి తప్పి వచ్చిన నన్ను బావ తన పనిలో తోడు పెట్టుకున్నాడు. సినిమా తెర మీద కనబడే మనుషుల అడుగుల చప్పుడు, గుర్రం గిట్టలు, పిట్టల కూతలు ఆయనే చేసేవాడు. కొబ్బరి చిప్పలు, పాత చెప్పులు నింపిన పెట్టె నేను మోసేవాణ్ణి. అడుగు చప్పుడు పడకూడదని రికార్డింగు గదిలోకి అందరం చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం. బావ మైకు ముందు నిలబడి సన్నగా గొంతు సవరించుకుని 'ఊఁ' అనేవాడు. అది వినబడితే గదిలో ఉన్నవాళ్ళందరూ ఊపిరి బిగబట్టాలి, ఆయన పని ముగిసేదాకా వదలకూడదు. ఆ అలవాటు ఎంతగా పట్టుకుందంటే, ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఆయన మామూలుగా గొంతు సవరించుకున్నా అక్కా నేనూ బిగుసుకుపోయేవాళ్ళం. "ఏంది, నన్ను బువ్వ గూడ తిననియ్యరా?" అని నవ్వేవాడు.

పని లేని పొద్దుల్లో బావ జూబ్లీ హిల్స్ పార్కుకు వచ్చి, ఎండిపోయిన ఒక దిరిసెన మోడు కింద నిలబడి, అక్కడా ముందు 'ఊఁ' అనే, కోకిల కూత సాధన చేసేవాడు. నేను అదే పార్కులో ఎండాకాలం పిట్టలకు నీళ్ళ మూకుళ్ళు నింపుతూ, ఏ పిట్ట ఎక్కడ గూడు పెట్టిందో చూసి మా బృందానికి చెబుతూ ఉండేవాణ్ణి. ఆ మోడు తొర్రలో ఏటేటా గోరింకల జంట ఒకటి కాపురం పెట్టేది.

ఒక చలికాలం బావ గుండె ఆగి పోయాడు.

ఆ తరవాతి వసంతంలో, కోకిలలు ఇంకా గొంతు విప్పని రోజుల్లో, నేను మోడు దగ్గర మూకుడు నింపుతున్నాను. తోవంతా ఎండుటాకులు, తొండ పరుగెత్తినా మనిషి నడిచి వస్తున్నట్టే ఉంది. నా వెనక ఎవరో సన్నగా గొంతు సవరించుకుని 'ఊఁ' అన్నారు. నా ఊపిరి దానంతటదే ఆగిపోయింది. మలుపులో నడకకు వచ్చిన ఒక పెద్దాయన, శ్రీనగర్ కాలనీలో ఉండే రిటైరైన సౌండ్ రికార్డిస్టు, మా బావతో చాలా ఏళ్ళు పని చేసినవాడు, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి నిలబడిపోయాడు. అప్పుడు కోకిల కూసింది, చివర కాస్త సాగదీసి, అచ్చం బావ కూసినట్టు. కూత ఆగగానే ఆ పెద్దాయన నోట, రికార్డింగు గదిలో అన్నట్టే, అలవాటుగా "ఓకే" అన్న మాట వచ్చింది. తానేమన్నాడో తెలిశాక బెంచీ మీద కూలబడ్డాడు. తొర్రలోంచి గోరింక తల బయటపెట్టి మా ఇద్దరినీ చూసింది.

గోరింక విన్న చప్పుడును తిరిగి అప్పగిస్తుందని నేను చదివే ఉన్నాను. ఆ చదువేదీ నా వెన్నులో చలిని తగ్గించలేదు.

అక్కకు చెప్పకుండా ఉండలేకపోయాను. మర్నాడు పొద్దున వచ్చి, మోడుకు కొంత దూరంలో చెప్పులు విడిచి, వాటిని చేత పట్టుకుని నిలబడింది. ఆ రోజు నుంచి రోజూ వచ్చేది. నడకకు వచ్చినవాళ్ళు ఆమెను చూసి తోవ మార్చుకునేవారు. "ఫికర్ చెయ్యకు తమ్మీ, నేనేం పిచ్చిదాన్ని కాలే" అంది ఒకసారి. "అది పిట్టనే. ఎరికే. గని సినిమాలల్ల కోకిల ఉన్నది, ఆయన 'ఊఁ' అన్నది యాడున్నది చెప్పు?" నిజమే, ఆ 'ఊఁ'ను ప్రతిసారీ కత్తిరించి పారేసేవారు. లోకంలో అది మిగిలింది ఆ తొర్రలోనే.

ఆ నెలలోనే మోడు కొట్టేయాలన్నారు. మా బృందం పెద్ద, మంచివాడే, "ఏవయ్యా, కొమ్మ విరిగి ఎవరి నెత్తిన పడినా మాట పడేది నేనే కదా" అన్నాడు. ఎండిన చెట్టు ఎన్ని ప్రాణాలకు ఇల్లో పుస్తకాల్లో చదివినదంతా ఏకరువు పెట్టాను, ఆయన వినలేదు. అక్క ముందుకొచ్చి, "గోరింక పిల్లలు ఎగిరినంక కొట్టున్రి సారూ, అప్పటిదాంక ఆగున్రి" అంటే ఆమె చేతిలోని చెప్పులను చూసి సరేనన్నాడు. పిల్లలు పెద్దల దగ్గర కూత నేర్చుకుంటాయని నేనే అక్కకు చెప్పాను. ఆమె ఆశంతా దాని మీదే పెట్టుకుంది. పిల్లలు ఎగిరాయి, మోడు పడింది.

మళ్ళీ వసంతం వచ్చాక ఇద్దరం పార్కంతా తిరిగాం. ఫిల్మ్ నగర్ వైపు ప్రహరీ మీద ఒక కుర్ర గోరింక సన్నగా గొంతు సవరించుకుని, 'ఊఁ' అంది. ఊపిరి బిగబట్టాం. కోకిల కూత రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. బావ నేర్పిన కూత నా గొంతుదాకా వచ్చింది. అక్క నావైపు తిరక్కుండానే, చాలా మెల్లగా, "నువ్వు కూయకు తమ్మీ" అంది. తరవాత చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ పార్కులో అడుగు పెట్టలేదు.

ఇప్పుడు చప్పుళ్ళన్నీ కంప్యూటర్లో సిద్ధంగా దొరుకుతున్నాయట. మా గోరింకలు కార్లు వెనక్కి వచ్చేటప్పుడు మోగే కీకీలు నేర్చాయి. ఏటా ఈ రోజుల్లో అక్క ఫోను చేసి, పార్కులో ఏమేం కూస్తున్నాయని అడుగుతుంది. ఆ కీకీల సంగతి చెప్పలేక, నాకు తెలిసిన పిట్టల పేర్లన్నీ ఒక్కొక్కటే చెబుతాను. ఆమె అన్నీ ఓపికగా విని, ఇంకా ఏమైనా ఉన్నాయా అన్నట్టు కాసేపు ఆగి, ఫోను పెట్టేస్తుంది.